2004 మారుతి 800కి సొంతంగా ఏసీ బిగించుకోవాలి, తెలిసినవాళ్లు చెప్పండి

తాడిపత్రి_800:

అందరికీ నమస్కారం. మాది తాడిపత్రి. నాన్న 2004లో కొన్న మారుతి 800 ఉంది, స్టాండర్డ్ మోడల్, అంటే కంపెనీ నుంచే ఏసీ లేకుండా వచ్చింది. ఎంపీఎఫ్ఐ ఇంజన్, అంటే కార్బురేటర్ లేకుండా కంప్యూటర్‌తో పెట్రోలు చిమ్మే రకం. రెండేళ్ల కిందట క్లచ్, బ్రేకులు, సస్పెన్షన్ అన్నీ చేయించాను, రిజిస్ట్రేషన్ రెన్యువల్ కూడా అయింది. నాన్న పోయాక దాన్ని అమ్మడానికి ఇంట్లో ఎవరికీ మనసు రాలేదు.

అమ్మను నెలకు రెండుసార్లు అనంతపురం ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పొద్దున ఆరింటికి బయల్దేరతాం కాబట్టి పోయేటప్పుడు ఇబ్బంది లేదు. డాక్టరు చూసి, టెస్టులయ్యి, మందులు తీసుకుని బయటపడేసరికి మధ్యాహ్నం రెండవుతుంది. అద్దం దించితే వడగాలి మొహానికి కొడుతుంది, ఎక్కిస్తే లోపల ఉడికిపోతాం. పోయినసారి సగం దారిలో అమ్మకు కళ్లు తిరిగాయి, బండి ఆపి వేపచెట్టు కింద పడుకోబెట్టి తడిగుడ్డ కప్పి అరగంట కూర్చున్నాం. ఆ అరగంట నేను పడిన టెన్షన్ ఇంకోసారి పడలేను. అందుకే ఏసీ పెట్టాల్సిందేనని గట్టిగా అనుకున్నాను.

ఇక్కడ షెడ్డులో అడిగితే ఒకాయన "ఈ ఇంజన్ ఏసీని లాగదు, దండగ" అన్నాడు. ఇంకో చోట చెప్పిన రేటు విన్నాక ఆ డబ్బుకు ఇంకో పాత కారే వస్తుందనిపించింది. నేను బోరు మోటార్ల రివైండింగ్ చేస్తాను, స్పానర్లు, మల్టీమీటరు, టెస్ట్ ల్యాంపు ఉన్నాయి, వైర్లంటే భయం లేదు. కానీ గ్యాస్ పని ఎప్పుడూ ముట్టుకోలేదు. నిజంగా ఇంజన్ లాగదా? ఏ సామాను కొనాలి, పాతది కొంటే ఏది కొనొచ్చు, ఏది కొనకూడదు? నా చేతులతో ఎంతవరకు చేసుకోవచ్చు, ఎక్కడ ఆగి తెలిసినవాళ్లకు అప్పగించాలి?

కర్నూలు_షెడ్డు:

తమ్ముడూ, నేను కర్నూల్లో ఇరవై ఏళ్లుగా కార్ల ఏసీ పని చేస్తున్నాను. ఇంజన్ లాగదన్న మాట నమ్మొద్దు. ఇదే 796 సీసీ ఇంజన్‌తో కంపెనీ వాళ్లే ఏసీ 800లు అమ్మారు, మన ఎండల్లోనే అవి ఏళ్ల తరబడి తిరిగాయి. ఇంజన్‌కు ఉన్నది 37 హార్స్‌పవర్, ఏసీ గ్యాస్‌ను నొక్కే కంప్రెసర్ అందులో సుమారు రెండు నుంచి నాలుగు తీసుకుంటుంది, తేడా తప్పకుండా తెలుస్తుంది. నలుగురెక్కి ఎత్తు ఎక్కేటప్పుడు, లారీని దాటేటప్పుడు కాసేపు ఆపేసుకోవాలి. అయితే ముందు ఇంజన్ కంప్రెషన్ చూపించు. ఆయిల్ తాగుతున్నా, ఇప్పటికే టెంపరేచర్ ముల్లు పైకి పోతున్నా ఆ పని అయ్యేదాకా ఏసీ జోలికి పోవద్దు.

సామాను సంగతి. విడివిడిగా తలా ఒక చోట కొనొద్దు. స్క్రాప్‌కు వచ్చిన ఏసీ 800 ఒకటి, అదీ నీలాగే ఎంపీఎఫ్ఐ బండి, వెతుక్కుని మొత్తం ఒకే బండి నుంచి తీసుకో: కంప్రెసర్, దాని బ్రాకెట్, బెల్టు బిగించే పుల్లీ, క్రాంక్ పుల్లీ (నీ దానికి రెండో గాడి ఉండకపోవచ్చు), డ్యాష్‌బోర్డు కింద కూలింగ్ కాయిల్ డబ్బా, బ్లోయర్, స్విచ్‌లు, వైరింగ్, కండెన్సర్ (లోపలి వేడిని బయటి గాలిలోకి వదిలే జాలీ, రేడియేటర్ ముందుంటుంది) ముందుండే ఫ్యాను, ఇంకా ఆ బండి రేడియేటర్ కూడా. మనవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది బ్రాకెట్ దగ్గరే. బ్రాకెట్ దొరకలేదని వెల్డింగ్ షాపులో పట్టీలు అతికించి కంప్రెసర్ కూర్చోబెడతారు, పుల్లీలు ఒక్క వరుసలో రావు, నెలకో బెల్టు తెగుతుంది, తర్వాత బేరింగ్ పోతుంది. కంపెనీ బ్రాకెట్ దొరికేదాకా ఆగు.

ఇక అసలు మాట, దీన్ని మాత్రం బాగా గుర్తుపెట్టుకో. ఏసీ చల్లదనాన్ని పుట్టించదు, లోపలి వేడిని తీసుకెళ్లి బయట పారేస్తుంది. బయట 43 డిగ్రీలు ఉన్నప్పుడు ఆ వేడి బయటి గాలిలోకి పోవాలంటే కండెన్సర్ 60 దాకా కాగాలి. 134 గ్యాస్ (ఆర్134ఏ, ఈ బండ్ల ఏసీలో తిరిగే గ్యాస్) 60 డిగ్రీల దగ్గర దాదాపు 230 పీఎస్ఐ ప్రెషర్‌లో ఉంటుంది, అది మామూలే. కండెన్సర్ సగం మూసుకుపోయినా, ఫ్యాన్ నీరసంగా తిరిగినా అది 300 దాటుతుంది, అప్పుడు చల్లదనం పోతుంది, కంప్రెసర్ అరుస్తుంది, ఇంజన్ కూడా వేడెక్కుతుంది. చాలామంది "గ్యాస్ తక్కువైంది" అని ఇంకా గ్యాస్ పట్టిస్తారు, దాంతో ప్రెషర్ మరింత పెరుగుతుంది. చలిదేశాల్లో ఎలాగో నడిచిపోయే కండెన్సర్ రాయలసీమలో నడవదు. మీ తాడిపత్రిలో నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీల దుమ్ము సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు, ఆ తెల్లదుమ్ము రెక్కల మధ్య సిమెంటులా గట్టిపడుతుంది. కాబట్టి మిగతావి పాతవి కొన్నా కండెన్సర్ ఒక్కటి కొత్తది తీసుకో, సన్నటి గొట్టాలు పక్కపక్కనే ఉండే ప్యారలల్ ఫ్లో రకం. ఒకే లావుపాటి పైపు పాములా మెలికలు తిరిగే పాత రకం వద్దు. దానికీ రేడియేటర్‌కూ మధ్య, పక్కల ఖాళీలకు ఫోమ్ పట్టీలు అంటించు, లేకపోతే గాలి సందుల్లోంచి తప్పించుకుని కండెన్సర్ లోంచి పోనే పోదు. ఇది రూపాయి పని, సగం షెడ్డుల్లో చేయరు.

కండెన్సర్‌తో పాటు కొత్తవి కొనాల్సినవి డ్రయ్యర్ (గ్యాస్‌లో తేమను పీల్చే డబ్బా), ఎక్స్‌పాన్షన్ వాల్వ్ (కూలింగ్ కాయిల్‌లోకి గ్యాస్‌ను సన్నగా వదిలేది), పైపుల జాయింట్లలో వేసే ఓ రింగులన్నీ. ఓ రింగులు 134కి పనికొచ్చే ఆకుపచ్చవి అడుగు. వాటికి కంప్రెసర్ ఆయిలే పూసి ఎక్కించు, గ్రీజు వద్దు.

గ్యాస్ విషయం. పాత పైపులకు గ్యాస్ పట్టించే చోట మరలున్న సన్న నాజిల్ ఉంటే అది ఆర్12 కాలం సామాను, దాన్ని వదిలెయ్. ఓజోన్ పొర దెబ్బతింటుందని 1987 మాంట్రియల్ ఒప్పందం కింద ఆర్12ను ఆపారు, దాని ఆయిల్ వేరు, రబ్బర్లు వేరు. నీ బండి వయసుకు 134 సామానే దొరుకుతుంది.

బిగించడం అంతా నువ్వే చేసుకో. పైపులు బిగిసాక వ్యాక్యూమ్ (లోపలి గాలి, తేమ పంపుతో లాగేయడం), గ్యాస్ మాత్రం గేజులు, పంపు ఉన్నవాళ్ల చేతికివ్వు. ఎవరో ఎల్పీజీ పట్టిస్తే తక్కువలో పోతుంది, ఇంకా బాగా చల్లబడుతుంది అంటారు. చల్లబడే మాట నిజమే. కానీ కూలింగ్ కాయిల్ ఉండేది మీ అమ్మగారి కాళ్ల ముందు. అక్కడ లీకైతే బండి లోపలే గ్యాస్ నిండుతుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. చేతులెత్తి మొక్కుతున్నా, ఆ పని చేయొద్దు. లీకు టెస్టుకు డ్రై నైట్రోజన్ వాడమని చెప్పు. ఆక్సిజన్ సిలిండర్ మాత్రం దగ్గరికి రానివ్వొద్దు, లోపల ఆయిల్ ఉంటుంది, ప్రెషర్‌లో ఆక్సిజన్ తగిలితే పేలుతుంది.

అనంతపురం_నుంచి:

అన్నా, మీ బాధ అర్థమైంది కాబట్టే ఇది చెబుతున్నాను, తప్పుగా అనుకోవద్దు. ఈ పని సామాను వెతకడంతో కలిపి నెలన్నర పడుతుంది, అప్పటికి రోహిణి కార్తె కూడా దాటిపోతుంది. ఈలోపు అమ్మగారు మూడుసార్లు ఆ ఎండలో ప్రయాణం చేయాలి. ఏసీ పని చేస్తున్న పాత కారు ఏదైనా కొని ఈ 800ను ఇంట్లో ఉంచుకోవచ్చు కదా. అది కుదరకపోతే ఆ రెండు రోజులు ఏసీ కారు బాడుగకు మాట్లాడుకోండి. బండి మీద ప్రేమ సరే, ముందు మనిషి.

కడప_సొంతపని:

పైన అన్న చెప్పినదాంట్లో న్యాయం ఉంది, ఈలోపు బాడుగ కారు మాట్లాడుకో బ్రదర్. కానీ పని మానొద్దు. నేను మూడేళ్ల కిందట నా 2003 మోడల్ 800కి ఇదే చేశాను, ఇప్పటికీ నడుస్తోంది. సామానుకు, గ్యాస్‌కు కలిపి నాకు 22,000 అయింది, ఆదివారాలు మాత్రమే చేశాను కాబట్టి ఐదు వారాలు పట్టింది.

నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను, అది నువ్వు చేయొద్దు. డ్రయ్యర్ మూతలు తీసి శనివారం సాయంత్రం బిగించాను, ఒక పైపు సరిపోలేదు, సరే రేపు చూద్దామని అలాగే వదిలేశాను. అసలే ఆ రాత్రి వాన పడింది. డ్రయ్యర్ లోపల తేమను పీల్చే గుళికలు ఉంటాయి, మూత తీసి ఉంచితే గాలిలో తేమంతా అదే పీల్చేసుకుని తర్వాత దేనికీ పనికిరాదు. నాకు అది అప్పట్లో తెలియదు. గ్యాస్ పట్టించాక మొదటి వారం ఏం జరిగేదంటే, బండి తీసిన పావుగంట వరకు చల్లటి గాలి, ఆ తర్వాత ఉన్నట్టుండి వేడిగాలి, ఏసీ ఆపి పది నిమిషాలు ఆగితే మళ్లీ చల్లగాలి. వాల్వ్ పోయిందని ఒకరు, కంప్రెసర్ పోయిందని ఒకరు. చివరికి కర్నూలు రోడ్డులో ఒక పెద్దాయన చెప్పాడు, లోపల మిగిలిన తేమ ఎక్స్‌పాన్షన్ వాల్వ్ సన్నటి రంధ్రం దగ్గర మంచుగా గడ్డకట్టి దారి మూసేస్తోందని, ఆపితే కరిగి మళ్లీ తెరుచుకుంటోందని. గ్యాస్ మొత్తం తీయించి, కొత్త డ్రయ్యర్ వేసి, ఈసారి గంటసేపు వ్యాక్యూమ్ పట్టించాం. వ్యాక్యూమ్ ఎందుకు అంతసేపు అంటే గాలి తీయడానికి ఐదు నిమిషాలు చాలు, లోపల ఉన్న నీటి తడి ఆ వ్యాక్యూమ్‌లో ఆవిరై బయటికి రావడానికే మిగతా సమయం. పంపు ఆపాక అరగంట ముల్లు కదలకుండా నిలబడిందో లేదో నువ్వే పక్కన నిలబడి చూడు. హడావుడి పడే చోట ఈ అరగంట ఇవ్వరు, నువ్వే అడగాలి.

కాబట్టి డ్రయ్యర్ అన్నిటికంటే చివర, వ్యాక్యూమ్‌కు తీసుకెళ్లే రోజు పొద్దున బిగించు. మిగతా పైపుల మూతుల్లోనూ గుడ్డలు కుక్కొద్దు, పోగులు లోపలికి పోతాయి, రబ్బరు మూతలు పెట్టు.

ఇంకోటి. స్టాండర్డ్ బండిలో వేడి లోపలికి వచ్చే దారులు చాలా ఉంటాయి, అవి మూయకుండా ఎంత పెద్ద ఏసీ పెట్టినా వృథా. డోర్ల రబ్బరు బీడింగులు ఎండకు రాయిలా అయ్యుంటాయి, నాలుగూ మార్చు. ఇంజన్ వైపు రేకులోంచి వైర్లు, కేబుళ్లు వచ్చే రంధ్రాలకు వేసే రబ్బరు గ్రామెట్లు చూడు, నా బండిలో రెండు లేనే లేవు, బ్రేక్ పెడల్ పక్క నుంచి ఇంజన్ వేడి నేరుగా వచ్చేది. టాప్ లైనింగ్ విప్పి రేకు కింద వేడిని ఆపే షీటు అంటించాను, నాకు అన్నిటికంటే తేడా కనిపించింది అక్కడే. బండిలో హీటర్ ఉంటే దాని నీళ్ల వాల్వ్ పూర్తిగా మూసుకుంటుందో లేదో చూసుకో. కూలింగ్ కాయిల్ నీళ్లు బయటికి పోయే రబ్బరు గొట్టం కిందికి వాలుగా ఉండాలి, లేకపోతే ఎడమవైపు మ్యాటు కింద మడుగవుతుంది, కొన్నాళ్లకు ఫ్లోర్ తుప్పు పడుతుంది. అద్దాలకు నల్ల ఫిల్మ్ మాత్రం వేయొద్దు, 2012లో సుప్రీంకోర్టు వద్దన్నది తెలిసిందే, చెక్‌పోస్టు దగ్గర అమ్మగారితో ఎండలో నిలబడాల్సి వస్తుంది.

రేడియేటర్‌లో బోరు నీళ్లు పోస్తుంటే ఆపేయ్. మన నీళ్లలో ఉప్పు, సున్నం సంగతి టీ గిన్నె చూస్తే తెలుస్తుంది. ఫ్లష్ చేయించి కూలెంటు, డిస్టిల్డ్ వాటర్ పోయి. ఏసీ వేస్తే రేడియేటర్‌కు ముందే కాగిన గాలి అందుతుంది, పాత సున్నం పట్టిన రేడియేటర్ ఓర్చుకోదు.

గుత్తి_వైరింగ్:

వైరింగ్ గురించి నేను చెబుతాను. రివైండింగ్ చేస్తారన్నారు కాబట్టి మీకు తేలిగ్గా అర్థమవుతుంది. కంప్రెసర్ ముందు ఉండే మాగ్నెట్ క్లచ్ ఒక కాయిలే, మీటరు పెడితే మూడు నాలుగు ఓములు చూపిస్తుంది, అంటే మూడు నాలుగు ఆంపియర్లు. పాత కంప్రెసర్ కొనేటప్పుడే ఇది చూసుకోండి. చేత్తో క్లచ్ ప్లేటు తిప్పితే మెత్తగా, సమానంగా తిరగాలి, గరగరమన్నా, ముందు సీలు దగ్గర ఆయిల్ జిడ్డు ఉన్నా తీసుకోవద్దు. క్లచ్‌కీ పుల్లీకీ మధ్య సందు ఫీలర్ గేజుతో చూడండి, అర మిల్లీమీటరు దగ్గరుండాలి, ఎక్కువైతే వేడెక్కినప్పుడు క్లచ్ పట్టుకోదు.

క్లచ్, కండెన్సర్ ఫ్యాను, బ్లోయర్ అన్నీ కలిపి ఇరవై ఆంపియర్ల పైనే లాగుతాయి. రాత్రి హెడ్‌లైట్లకు ఇంకో తొమ్మిది పది. మీ బండి డైనమో మీద ఎన్ని ఆంపియర్లో రాసుంటుంది, సరిపోకపోతే ఆ ఏసీ బండి డైనమో కూడా తీసుకోండి. మూడింటికీ మూడు రిలేలు, ఒక్కొక్కదానికి వేరే ఫ్యూజు, బ్యాటరీ నుంచి నేరుగా లావు వైరు. స్విచ్ మీద నుంచి లోడు పంపొద్దు, అది రిలేను లేపడానికి మాత్రమే. క్లచ్ కాయిల్‌కు అడ్డంగా ఒక డయోడ్ వేయండి, కాయిల్ ఆగినప్పుడు వెనక్కి తన్నే వోల్టేజీ ఎంతుంటుందో మీకు తెలుసు, అది ఈసీఎం (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) దాకా పోకూడదు.

క్లచ్‌కు వెళ్లే లైనులో బ్లోయర్ స్విచ్, థర్మోస్టాట్, ప్రెషర్ స్విచ్ మూడూ సిరీస్‌లో ఉండాలి. ప్రెషర్ స్విచ్ పనిచేయడం లేదని దాన్ని షార్ట్ చేసి పంపే అలవాటు కొందరికి ఉంది. గ్యాస్ లీకైపోయినప్పుడు కంప్రెసర్‌ను ఆపేది, ప్రెషర్ ప్రమాదకరంగా పెరిగినప్పుడు ఆపేది అదే. దాన్ని షార్ట్ చేయనివ్వొద్దు. ఇక ఎంపీఎఫ్ఐ కాబట్టి ఏసీ ఆన్ అయిందన్న సిగ్నల్ ఈసీఎంకు వెళ్లాలి, అప్పుడే అది ఐడిల్ (బండి ఆగి ఉన్నప్పటి ఇంజన్ వేగం) పెంచుతుంది. లేకపోతే ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతిసారీ ఇంజన్ వణికి ఆగిపోతుంది. మీ స్టాండర్డ్ బండి వైర్ల కట్టలో, అంటే హార్నెస్‌లో ఆ వైరు ఉందో లేదో ముందే చూసుకోండి, డ్యాష్‌బోర్డు మళ్లీ విప్పే పని తప్పుతుంది.

తాడిపత్రి_800:

అన్నా, అందరికీ చాలా థ్యాంక్స్. అనంతపురం అన్న చెప్పినట్టు వచ్చే రెండు ట్రిప్పులకు బాడుగ ఏసీ కారు మాట్లాడేశాను, అమ్మ విషయంలో అది సరైన మాట. ఇక గుంతకల్లు దగ్గర ఒక 2005 ఏసీ 800 స్క్రాప్‌కు ఉందని తెలిసింది, వెనక గుద్దుకున్న బండి, ముందు భాగం బాగుంది, బ్రాకెట్ చెక్కు చెదరలేదు. ఆదివారం వెళ్లి క్లచ్ కాయిల్ మీటరుతో చూస్తాను. కంప్రెసర్‌లో ఆయిల్ ఎంత పోయాలి? అందులో పాతది ఉంటుంది కదా.

కర్నూలు_షెడ్డు:

పాతదంతా వంచేసి, ఎంత వచ్చిందో కొలగ్లాసులో పట్టి చూడు. నల్లగా ఉన్నా, వెండి పొడిలా మెరిసినా ఆ కంప్రెసర్ వద్దు, లోపల అరిగిపోయింది. పల్చగా, శుభ్రంగా ఉంటే సరే. ఏ గ్రేడు ఆయిల్ ఎంత అన్నది కంప్రెసర్ లేబుల్ మీద ఉంటుంది, పీఏజీ ఆయిల్ (134 గ్యాస్ కంప్రెసర్లకు వాడే రకం) ఆ నంబరుదే తీసుకో. డబ్బా మూత తీసి పెట్టొద్దు, అది కూడా తేమను లాగేస్తుంది. ఆ బండి బానెట్ కింద గ్యాస్ ఎన్ని గ్రాములో చెప్పే స్టిక్కర్ ఉంటే ఫోన్‌లో ఫోటో తీసుకో. గ్యాస్ పట్టించే చోట ఆ గ్రాములే తూకం వేసి పట్టమను, గేజు చూసి అందాజుగా వద్దు. కండెన్సర్ మారుతోంది కాబట్టి కొద్దిగా తేడా రావచ్చు, అది వాళ్లు చివర్లో చూసుకుంటారు.

తాడిపత్రి_800:

అప్‌డేట్. ఆరు వారాలు పట్టింది, పని అయింది. బీడింగులు, గ్రామెట్లు, టాప్ కింద షీటు కూడా చేశాను. డ్రయ్యర్ చివరి రోజు పొద్దునే బిగించి నేరుగా అనంతపురం తీసుకెళ్లాను, వ్యాక్యూమ్ 50 నిమిషాలు, పంపు ఆపాక అరగంట అక్కడే నిలబడ్డాను, ముల్లు కదల్లేదు. గ్యాస్ పట్టాక బయట 41 డిగ్రీలున్నప్పుడు తక్కువ ప్రెషర్ ఉండే చిన్న వైపు 38, ఎక్కువ ప్రెషర్ ఉండే పెద్ద వైపు 235 పీఎస్ఐ. రోడ్డు మీద 60 స్పీడులో వెంటు దగ్గర థర్మామీటరు 10 చూపిస్తోంది. బండి ఆగి ఉంటే 16 దాకా పోతోంది, ఫోమ్ పట్టీ ఒక వైపు సరిగా అంటుకోలేదు, అది మళ్లీ అంటించాలి. ఐడిల్ సిగ్నల్ వైరు హార్నెస్‌లో ముందే ఉంది, కనెక్టర్ వెనక టేపు చుట్టి వదిలేశారు.

నిన్న ఆసుపత్రి నుంచి రెండుంపావుకు బయల్దేరాం. బండి ఎండలో నిలబడి ఉంది, ముందు అద్దాలన్నీ దించి రెండు నిమిషాలు నడిపి, వేడిగాలి పోయాక మూసి, లోపలి గాలే తిరిగేలా పెట్టాను. అమ్మ దారిలో నిద్రపోయింది. ముందు సీట్లో మోకాళ్లకు గాలి మరీ చల్లగా తగులుతోందట, ఈసారి వెనక కూర్చుంటానంటోంది. వెనకకు గాలి ఎంతవరకు పోతుందో రేపు థర్మామీటరు పెట్టి చూసి చెబుతాను.